న్యాయసహాయం – శ్రామికుని హక్కు

మదనపల్లె పట్టుమగ్గాల వద్దనైనా, కుప్పం గ్రానైట్ పరిశ్రమలోనైనా అన్యాయంగా పని కోల్పోయిన శ్రామికుని ముందుగా బాధించేది న్యాయవాది రుసుమును గూర్చిన చింత. 1976లో రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం పేదరికం న్యాయానికి అడ్డుకారాదని నిర్దేశించింది. తదనుగుణంగా వెలువడిన 1987 నాటి న్యాయసేవల చట్టం స్త్రీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని పొందే అర్హతను ప్రసాదించింది. అట్టివారు మదనపల్లె, పుంగనూరు, కుప్పం న్యాయస్థానాలలోని మండల న్యాయసేవా సంఘాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. 15100 సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చు.

స్వయంగా న్యాయవాదిని నియమించుకొనేవారు కార్మిక వివాదాలలో ఆయనకు గల అనుభవాన్ని విచారించాలి; రుసుమును ముందే నిశ్చయించుకోవాలి; వకాలతునామాను చదివిన పిదపనే సంతకం చేయాలి. నియామకపత్రం, జీతపు రసీదులు, తొలగింపు ఉత్తర్వు భద్రపరచుకోవాలి. ఆధారాలు లేనిచోట ఎంతటి న్యాయవాదియైనా నిస్సహాయుడే.

ప్రశ్న: ఉచిత న్యాయసహాయానికి అర్హులెవరు?