అమరికల ఫైలు ఎక్కడ నుండవలెను?

కంప్యూటరులోని ప్రోగ్రాములు తమ నడవడికి కావలసిన కొన్ని సంగతులను వేరొక ఫైలులో చూచుకొనును. అక్షరముల పరిమాణమెంత, ఏ భాషలో టైపు చేయవలెను మొదలగునవి అందుండును. దీనిని అమరికల ఫైలందుము.

ఆ ఫైలు ఎక్కడ నున్నదో ప్రోగ్రామునకు తెలియుట ఎట్లు? వ్రాసినవాడు తన సొంత యంత్రములోని తోవనే ప్రోగ్రాములో అక్షరాలా వ్రాసిపెట్టినచో, అది అతని యింట చక్కగా నడచును; పెరియంపట్టిలో నడవదు. శుభలేఖపై "వేపచెట్టు ప్రక్క యిల్లు" అని మాత్రమే అచ్చు వేయించినట్లుండును. ఆ వీధివారికి తప్ప అది ఎవరికి ఉపయోగము?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్యాకేజీలుగా కట్టి పంచువారికి ఇది నిత్యము ఎదురగు చిక్కు. 1993లో ఆరంభమైన డెబియన్ వారి నియమము ప్రకారము, యంత్రమంతటికి చెందిన అమరికలు 'ఎట్సీ' అను ఫోల్డరులో నుండవలెను. యంత్రము గలవారు చేసికొన్న మార్పులను క్రొత్త కూర్పు చెరపరాదు. మూలప్రతి అందరికి తెరచియుండుటచే, ప్యాకేజీ కట్టువారు ఆ స్థిరమైన తోవను తొలగించి, నిర్మించునప్పుడు నిర్ణయింపదగినదిగా మార్చుదురు. ఆ సవరణను మూలకర్తకు కూడ పంపవలెను. పంపనిచో కూర్పు మారినప్పుడెల్ల అదే చాకిరి!

అయితే యంత్రమంతటికి ఒకే అమరిక మనవంటి చోట చాలదు. ఒకే యంత్రముపై ఒక బాలిక తెలుగును, మరియొక బాలుడు తమిళమును టైపు చేయుదురు. తోవ ఒక్కటే అయినచో ఒకరి అమరికను మరియొకరు చెరపుదురు. సాధారణముగా చెరగునది తక్కువమంది భాషయే.

ఎం17ఎన్ అను స్వేచ్ఛా ఉపకరణము ఈ చిక్కును తీర్చిన తీరు మాకు నచ్చినది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయపు తెలుగువారు కూర్చిన ఆర్‌టీఎస్ పద్ధతి, తమిళ్99 మీటల వరుస, రెండును దాని ఉమ్మడి ఫోల్డరులో కలవు. కాని అది ముందుగా వాడుకరి సొంత ఫోల్డరును వెదకి, అక్కడ లేనిచో ఉమ్మడి దానిని చూచును. సొంత ఫోల్డరు వేరొకచోట నున్నచో, ఒక పరిసర చరరాశి ద్వారా ఆ చోటు తెలుపవచ్చును. కావున 'ఱ'ను వేరొక మీటపై కోరు పిల్ల తన పట్టికను తానే ఉంచుకొనవచ్చును. ప్రధానోపాధ్యాయుని సంకేతపదము అడుగనక్కరలేదు.

తల్లిదండ్రులు ఇంటి యంత్రములో ఇట్లు పరీక్షింపవచ్చును. ఇద్దరు పిల్లలకు వేర్వేరు ఖాతాలు తెరచి, ఒక ఖాతాలో తెలుగు మీటలను అమర్చి బయటికి రండు. రెండవ ఖాతాలో తమిళము నమర్చి, మరల మొదటి ఖాతాలోనికి పోయి, తెలుగు నిలిచియున్నదో లేదో చూడుడు.