గాలం నంబరు

జాలరిపేటలో మే నెల. వేట నిషేధం నడుస్తోంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలు వేటకు వెళ్లకూడదు. చాలా చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఇంజను లేని తెప్పలకు మాత్రం ఈ నిషేధం లేదు.

ఒక ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారు. పడవ ఒడ్డున ఉంది. చేతిలో డబ్బు లేదు.

"గెడ్డ మొగలో పండుగప్ప తిరుగుతోందట. తెప్ప మీద వెళ్లి గాలం వేస్తాను" అన్నాడు కొడుకు.

గాలాలు కొనాలి. అత్త పక్కింట్లో అప్పు తెచ్చింది. కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. పాత గాలాల పెట్టె మీది నంబరు చూసి కాగితం మీద రాసుకుంది: 6/0.

కొట్టులో ఒక పెట్టె ఇచ్చారు. కోడలు దాన్ని తిప్పి చదివింది.

"అన్నా, దీని మీద 6 అని ఉంది. నాకు కావాల్సింది 6/0. గీత ఏది? సున్నా ఏది?"

"ఆరంటే ఆరే కదమ్మా!"

"కాదన్నా, విప్పి చూడు."

విప్పారు. లోపల అన్నీ చిన్న చిన్న గాలాలు.

"నిజమేనమ్మా. నేను చూసుకోలేదు" అని కొట్టు మనిషి పెట్టె మార్చి ఇచ్చాడు.

గాలాల లెక్క ఇలా ఉంటుంది. గీత, సున్నా లేకపోతే, నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 10 కంటే 6 పెద్దది. 6 కంటే 1 పెద్దది. గీత, సున్నా ఉంటే లెక్క తిరగబడుతుంది. 1/0 కంటే 6/0 పెద్దది. సున్నా చూడకపోతే డబ్బు పోతుంది. చేపా పోతుంది.

కొట్టులో రంగురంగుల రబ్బరు వానపాములు వేలాడుతున్నాయి.

"ఇదేటన్నా?" అని కోడలు అడిగింది.

"ఉత్తుత్తి ఎరమ్మా. మెత్తని ప్లాస్టిక్."

ఈ ఎర వంటింట్లో పుట్టింది. 1949లో అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో నిక్ క్రీమ్ అనే ఆయన, ఆయన భార్య కలిసి పొయ్యి మీద ప్లాస్టిక్ కరిగించి అచ్చు పోశారు. అక్కడ బాస్ అనే చేపకు దీన్ని వేస్తారు. మన పండుగప్ప కూడా రొయ్యలనూ చిన్న చేపలనూ ఒక్కసారిగా నోట్లోకి పీల్చుకుంటుంది. నీటిలో ఎర మెత్తగా కదిలితే బతికి ఉన్నదే అనుకుంటుంది.

ఎర కట్టే పద్ధతి ఇది:

1. దారానికి సీసం గుండు ఎక్కించాలి. అది దారం మీద జారుతూ ఉండాలి.
2. దారం కొసకు గాలం కట్టాలి. ముడిని తడిపి బిగించాలి. తడపకపోతే రాపిడికి నైలాను దారం దెబ్బ తింటుంది.
3. గాలం ముల్లును ఎర తలలో గుచ్చి, కొంచెం దిగాక పక్కకు తీయాలి.
4. గాలాన్ని తిప్పి, ముల్లును మళ్లీ ఎర ఒంట్లో దాచాలి. ఎర తిన్నగా ఉండాలి.

ముల్లు దాగి ఉంటే రాళ్లకూ నాచుకూ తగులుకోదు. చేప కొరికినప్పుడు ఎర నలుగుతుంది. దారం గుంజితే ముల్లు బయటికి వచ్చి దిగుతుంది.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. సీసం విషం. దాన్ని పళ్లతో నొక్కకూడదు. పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకూడదు. పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతం ఇంజక్షను గురించి అడగాలి. తెగిన రబ్బరు ఎరను నీటిలో పారేయకూడదు. అది కరగదు. చేపలు మింగుతాయి.

ఇంకో సంగతి. పండుగప్పలు చాలావరకు మొదట మగవిగా ఎదుగుతాయి. పెద్దవయ్యాక ఆడవిగా మారతాయి. చిన్నపిల్లలనే పట్టేస్తే రేపు గుడ్లు పెట్టే తల్లులు ఉండవు. అందుకే చిన్నది పడితే వదిలేయాలి.

ఆ సాయంత్రం కొడుకు తెప్ప ఎక్కాడు. అత్త గుమ్మంలో కూర్చుంది. చేతిలో బొగ్గు ముక్క ఉంది.

"కోడలా, ఆ గీత పక్కన సున్నా ఎలా రాస్తారో చూపించు" అంది.

కోడలు చూపించింది. అత్త గోడ మీద మెల్లగా రాసింది: 6/0.

ఆలోచించండి – చెప్పండి

1. 8, 4 నంబర్లలో ఏ గాలం పెద్దది? 2/0, 5/0 నంబర్లలో ఏది పెద్దది?
2. ముల్లును ఎర ఒంట్లో ఎందుకు దాచాలి?
3. చిన్న పండుగప్పను ఎందుకు వదిలేయాలి?
4. మీరు కొనే సరుకుల మీద ఏమేం రాసి ఉంటాయి? ఒకటి తెచ్చి చదవండి.