ఆకును చూసి చెట్టును పోల్చుకోవడం

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో నా ముందు వేపరెమ్మ పెట్టారు. వేపచెట్టు కిందే పెరిగినవాణ్ణి, నాకేం భయమని "సరళ పత్రం, అంచులు రంపపు పళ్ళు" అని రాసేశాను. మార్కులు పోయాయి. తమ్ముళ్ళారా, మీకలా కాకూడదని ఈ నాలుగు మాటలు.

మనం వేపాకు అని తుంచేది నిజానికి ఆకు కాదు, ఆకులో ఒక పత్రకం. అసలు ఆకు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే గ్రీవపు మొగ్గను వెతకాలి. కాడ కొమ్మకు అతికే మూలలో అది ఉంటుంది. చాలా చిన్నది, దగ్గరగా చూడాలి. పత్రకం మొదట్లో మొగ్గ ఉండదు. మొగ్గ దగ్గర నుంచి కొసదాకా ఉన్నదంతా కలిపి ఒకే ఆకు. మామిడి, రావి సరళ పత్రాలు. వేప, చింత, కానుగ సంయుక్త పత్రాలు. బూరుగులో పత్రకాలు అరచేతి వేళ్ళలా ఒకేచోట నుంచి వస్తాయి.

వేపకూ తురకవేపకూ తేడా మాత్రం తప్పక తెలియాలి. వేపలో ఒకే ఈనెకు రెండువైపులా పత్రకాలుంటాయి. తురకవేపలో ఆ ఈనె మళ్ళీ చీలి, ఆ చీలికల మీద పత్రకాలుంటాయి. పూలు వేపకు తెలుపు, తురకవేపకు లేత ఊదా. వేపపండ్లు చీకడం మన పిల్లలకు అలవాటే (నేనూ చీకాను). తురకవేప పండ్లు విషం. ఆకులు రాలినా గుత్తులుగా చెట్టుకే వేలాడుతుంటాయి. చిన్న తరగతుల వాళ్ళకు చూపించి చెప్పండి.

మా అమ్మ చదువుకోలేదు, విస్తరాకులు కుట్టేది. మోదుగకు మూడు పత్రకాలు. నడిమిది పెద్దది, రెండువైపులా సమానం. పక్కవి ఒంకర. అమ్మ చీకట్లో కూడా తడిమి నడిమి ఆకును వేరుచేసేది. ఎమ్మెస్సీలో ఇదే పాఠం విన్నానని చెబితే, "దీనికి అంత దూరం పోవాల్నా బిడ్డా?" అని నవ్వింది. మారేడుకూ మూడే, కానీ దానికి ముళ్ళుంటాయి, నలిపితే వాసన వస్తుంది.

ఎండాకాలంలో ఆకులు రాలితే బెరడు చూడాలి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగుళ్ళు బారి ఉంటుంది, తెల్లమద్దిది నున్నగా, తెల్లగా ఉంటుంది. టేకు లేతాకును వేళ్ళమధ్య నలిపితే ఎర్రరంగు అంటుకుంటుంది. ఇది మాత్రం యూనిఫాం విప్పాక, ఆదివారం చేసి చూడండి.