ఏ సిర్పూర్? ఏ అంగడి? (ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: జైనూర్, ఉట్నూర్ పరిసరాల్లోని దుకాణాలను వెతికిపెట్టే ఏఐ ఏజెంటు కోసం తయారుచేసిన టూల్ వివరణలో "స్థానిక వ్యాపారాలను వెతుకుతుంది" అని రాస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. అడిగిన పనిని తానే దశలుగా విడదీసుకొని, అవసరమైనచోట బయటి ప్రోగ్రాములను పిలిచి పూర్తిచేసే భాషా నమూనాను ఏజెంటు అంటారు. అది పిలవగలిగే ఒక్కొక్క ప్రోగ్రామూ ఒక టూల్. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో గాని, దానిని పోలిన ఇతర పద్ధతుల్లో గాని, నమూనాకు ప్రధానంగా అందేవి టూల్ పేరు, మామూలు వాక్యాల్లోని వివరణ, ఇవ్వవలసిన వివరాల పట్టిక మాత్రమే. ఆ పట్టికలోని ఒక్కొక్క గడిని పారామీటర్ అంటారు. లోపలి కోడ్ నమూనాకు కనిపించదు కనుక, చురుకైనవాడే అయినా ఈ ప్రాంతం ఎన్నడూ చూడని కొత్త గుమాస్తాకు పని అప్పజెప్పినట్టుగా వివరణ ఉండాలి.

మొదటి చిక్కు ఊరి పేర్లతోనే వస్తుంది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో సిర్పూర్ పేరుతో రెండు మండలాలున్నాయి: జైనూర్‌ను ఆనుకొని పడమటి కొసన ఉన్నది ఉట్నూర్‌ను సూచించే సిర్పూర్ (యు), కాగజ్‌నగర్‌కు ఆవల మహారాష్ట్ర సరిహద్దు దగ్గర ఉన్నది టౌన్‌ను సూచించే సిర్పూర్ (టి). అందుచేత "ఊరి పేరుతోపాటు మండలం తప్పనిసరి, వాడుకరి ఉత్త సిర్పూర్ అంటే ఏ సిర్పూరో అడిగి తెలుసుకోవాలి" అన్న వాక్యం వివరణలోనే ఉండాలి. జిల్లా పేరు కూడా నమ్మదగిన ఆనవాలు కాదు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జైనూర్ పాత ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోగా, జైనూర్ వాసులు పనులకు వెళ్లే ఉట్నూర్ ఆదిలాబాద్‌లోనే మిగిలింది; జిల్లాను బట్టి వడబోసే టూల్ ఉట్నూర్ దుకాణాలన్నింటినీ వదిలేస్తుంది, పాత చిరునామాలున్న జాబితాలోనైతే జైనూర్ దుకాణాలే జారిపోతాయి.

రెండవ చిక్కు మాటలతో వస్తుంది. ఉత్తర తెలంగాణలో అంగడి అంటే వారానికొకసారి జరిగే సంత, రాయలసీమలో అదే మాటకు దుకాణమని అర్థం. ఆ సీమ నుంచి బదిలీపై వచ్చిన ఉద్యోగికే తప్పని తికమక నమూనాకు తప్పుతుందని అనుకోవడం అత్యాశ. ఈ టూల్ స్థిరమైన దుకాణాలను మాత్రమే చూపిస్తుందా, అంగడి రోజును కూడా చెబుతుందా అన్నది వివరణలో స్పష్టం చేయకపోతే, పశువులు ఎక్కడ దొరుకుతాయని అడిగిన రైతుకు కిరాణం కొట్టు చిరునామా అందే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఫలితాలేమీ రానప్పుడు "జైనూర్‌లో అలాంటి దుకాణం లేదు" అని ఏజెంటు తేల్చి చెబుతోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: ముందుగా కొలమానాన్ని పరిశీలించాలి. గూగుల్ ప్లేసెస్ వంటి సేవల్లో వెతుకులాట వ్యాసార్థాన్ని, అంటే చుట్టూ ఎంత మేర వెతకాలన్న దూరాన్ని, మీటర్లలో ఇవ్వాలి, దాని గరిష్ఠ పరిమితి 50,000. ఆ సంగతి వివరణలో లేనప్పుడు పది కిలోమీటర్లనుకొని నమూనా 10 అని ఇస్తే, వెతుకులాట పది మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. పైగా అది గీత గీసినట్టు కొలిచే దూరమే తప్ప, గుట్టలను చుట్టుకొని సాగే రోడ్డు దూరం కాదు.

కొలమానం సరిగానే ఉంటే, లోపం వివరణలోని మౌనంలో ఉన్నట్టు. బోర్డు కూడా లేని పంక్చర్ షాపు, ఇంటి ముందు గదిలో నడిచే కుట్టు పని ఏ డిజిటల్ పటంలోనూ ఉండకపోవచ్చు. కనుక "ఫలితం ఖాళీగా వస్తే ఆ దుకాణం ఈ జాబితాలో నమోదు కాలేదని మాత్రమే అర్థం, లేదని చెప్పరాదు, పక్క మండలంలో వెతకాలా అని వాడుకరిని అడగాలి" అని రాయాలి. వివరణలన్నింటిలోకీ అత్యంత విలువైన వాక్యం ఇదే, ఎక్కువమంది రాయడం మరచిపోయేదీ ఇదే. పనివేళల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: వేళలు నమోదు కాని దుకాణాన్ని మూసి ఉన్నట్టుగా లెక్కించకూడదు.

ప్రశ్న: వివరణను తెలుగులోనే రాయవచ్చా?

జవాబు: రాయవచ్చు. అయితే నమూనాలు పాఠాన్ని టోకెన్లు అనే చిన్న తునకలుగా చేసి చదువుతాయి, తెలుగు పాఠానికి ఇంగ్లిషు కంటే సాధారణంగా ఎక్కువ టోకెన్లు పడతాయి, వివరణ ప్రతి సంభాషణలోనూ వెంట వెళ్తుంది కనుక ఖర్చు పెరుగుతుంది. ఏ భాషలో రాసినా అంగడి, కిరాణం వంటి మాటలను తెలుగు లిపిలోనే ఉంచి పక్కన అర్థం ఇవ్వడం మంచిది. టూల్ పేరుకు మాత్రం ఇంగ్లిషు అక్షరాలే వాడాలి. చాలా వ్యవస్థలు అక్కడ తెలుగు లిపిని అంగీకరించవు.