వినపడనిది కూడా రాయాలి

పరాయి దేశాల రేడియోలు వినడమే ఉద్యోగం అంటే మా ఊళ్లో ఇప్పటికీ నమ్మరు. గూఢచారి పనేమో అని గొంతు తగ్గించి అడుగుతారు. అందులో రహస్యం ఏమీ లేదు. రేడియో పెట్టేదే అందరూ వినాలని. దాన్ని విని, ఇంగ్లీషులో పెట్టి, వార్తా సంస్థలకూ ప్రభుత్వాలకూ అందించడమే పని. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో 1939లో బీబీసీ, 1941లో అమెరికా ప్రభుత్వం మొదలుపెట్టాయి. యుద్ధం ముగిసినా పని ముగియలేదు. నేను అలాంటి ఒక కార్యాలయాన్ని 1980ల చివరినుంచి కొన్నేళ్లు నైరోబీలో నడిపాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఇదే వృత్తిలోకి వెళ్తున్న కుర్రవాడొకడు అడిగితే, ఆ టేపుల, టెలిప్రింటర్ల కాలం అనుభవంతో రాసి ఇచ్చినవి ఇవి.

1. ఇల్లు చూసేముందు ఏరియల్ చూడు. లండన్‌లో కూర్చుంటే మొగదిషు రేడియో సరిగ్గా వినపడదు. అది తన జనం కోసం మాట్లాడుతుంది, దాని ట్రాన్స్‌మిటర్ బలమూ అంతే. అందుకే మనం దాని పొరుగుకి వెళ్లాలి. పగలు షార్ట్‌వేవ్‌లో పై బ్యాండ్లు పలుకుతాయి, చీకటి పడ్డాక కింది బ్యాండ్లు. పదకొండేళ్లకోసారి సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గుతుంటే ఆ లెక్కా మారిపోతుంది. ఇదంతా ఇంజనీరు చూసుకుంటాడు. నువ్వు చూడవలసింది పక్కింట్లో వెల్డింగ్ షాపు ఉందా, మేడలో పాత లిఫ్టు ఉందా అన్నది. అద్దె తక్కువని ఊరి నడుమ దిగితే ఆ గరగర ఏ రిసీవర్ పెట్టినా పోదు.

2. భాష రాని అధికారివి అని మరిచిపోకు. సొమాలీ, అమ్‌హారిక్, కిన్యార్వాండా నాకు ఒక్క ముక్క రాదు. స్వాహిలీ కూరల బజారు వరకే. కాబట్టి పని మొత్తం మనుషుల మీద నడుస్తుంది. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు డిగ్రీ కాగితం తర్వాత చూడు, ముందు బాగా గరగరలాడే టేపు ఒకటి వినిపించు. అన్నీ గడగడా రాసేసినవాడికన్నా, ఇక్కడ నాకు అర్థం కాలేదు అని ఖాళీ వదిలినవాడే పనికొస్తాడు. అప్పుడప్పుడు ఒకే టేపు ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, రెండు అనువాదాలూ పక్కపక్కన పెట్టి చూడు. తప్పు పట్టడానికి చేస్తున్నావని వాళ్లకు అనిపించిందా, ఆ రోజునుంచి ఇద్దరూ మాట్లాడుకుని మరీ రాస్తారు.

సొమాలీ ప్రసారాలు వినే గదిలో ఒక పెద్దాయన ఉండాలి. సొమాలియాలో రాజకీయం సగం పద్యంలో నడుస్తుంది. ఉపన్యాసం మధ్యలో ఒక పాత పాదం పడితే అది ఎవరి మీద విసురో కుర్రాళ్లకు అందదు.

3. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషికి తను వింటున్న దేశంలో ఇల్లుంటుంది. నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా పెద్దది ఇదే. 1991 జనవరి చివర సొమాలియా అధ్యక్షుడు సియాద్ బర్రే మొగదిషు వదిలి పారిపోయాడు. ఆ మే 21న ఇథియోపియా పాలకుడు మెంగిస్తు దేశం దాటాడు. వారం తిరిగేసరికి, 28న, అడిస్ అబాబా తిరుగుబాటుదారుల చేతికొచ్చింది. ఒకే ఏడాది మా సొమాలీ, అమ్‌హారిక్ గదులు రెండింట్లో మనుషులకు దేశాలు తలకిందులయ్యాయి. ఒక బల్లకు ఇటు కూర్చున్నవాడి తమ్ముడు ప్రభుత్వ సైన్యంలో, అటు కూర్చున్నవాడి మేనల్లుడు తిరుగుబాటులో. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. సొంత ఊరి కబురు కూడా వాళ్లకు డ్యూటీలోనే తెలియాలి.

అలాంటివాణ్ణి సెలవు తీసుకోమంటే ఒప్పుకోడు. “సార్, ఇంటికెళ్తే నాకు ఇంకేం వినపడుతుంది?” అన్నాడొకాయన. నిజమే. నేను పంపించలేదు. పక్కన ఇంకొకర్ని కూర్చోబెట్టాను, కాపలాకు కాదు, తోడుగా. తనకు ఇష్టం లేని పక్షంవాళ్ల బులెటిన్‌ని మరీ శ్రద్ధగా, తుచ తప్పకుండా రాసేవాడాయన. పక్షపాతం లేనివాణ్ణి వెతకకు, దొరకడు. తన పక్షపాతం తనకు తెలిసినవాడు చాలు.

4. వినపడనిచోట వినపడలేదనే రాయి. కొన్ని మాటలు వినపడలేదు అని బ్రాకెట్లో పెట్టడం మా వృత్తిలో ఆచారం. హెడ్డాఫీసుకు అది నచ్చదు. రాత్రి రెండింటికి ఫోన్ వస్తుంది: “సందర్భాన్ని బట్టి ఊహించలేరా?” ఊహించడం మహా సులువు, విన్నంతే రాయడమే కష్టం. అంకెలు, ఊళ్ల పేర్లు, కాదు అనే ముక్క, ఈ మూడింటినే గరగర ఎక్కువగా మింగుతుంది. సైన్యం ఊళ్లోకి వచ్చిందా, రాలేదా అన్నది ఆ ముక్క మీదే ఉంటుంది. బ్రాకెట్ తీసెయ్యమనేవాడికీ, విని రాసే మనిషికీ, అంటే మానిటర్‌కీ మధ్య నిలబడటానికే నీకు జీతం.

ఆలస్యం మాత్రం వద్దు. పూర్తయ్యాక పంపుదాం అనుకోకు, విన్నంత వరకు ముక్కలుగా పంపు. 1962 అక్టోబర్ 28న క్యూబానుంచి క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నానని సోవియట్ నేత క్రుశ్చేవ్ రాసిన ఉత్తరాన్ని మాస్కో రేడియోయే ముందు చదివింది. రాయబారుల దారిలో వచ్చిన ప్రతి తర్వాత చేరింది.

5. గోడ మీద జీఎంటీ గడియారం ఒక్కటే ఉంచు. స్వాహిలీలో, అమ్‌హారిక్‌లో గంటలు పొద్దుపొడుపునుంచి లెక్కపెడతారు. వాళ్ల రెండు గంటలంటే మనకు ఎనిమిది. ఇథియోపియా సంవత్సరం సెప్టెంబర్‌లో మొదలై, పదమూడు నెలలు సాగి, మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనకుంటుంది. కర్ఫ్యూ రెండింటినుంచి అని రేడియో చెబితే ఎవరి రెండో తేల్చాకే టెలిప్రింటర్ దగ్గరికి వెళ్లాలి.

6. పాట మారితే చెవి నిక్కించు, కానీ పరుగెత్తకు. 1945 మే 1న జర్మన్ రేడియో బ్రూక్నర్ ఏడో సింఫనీలోని విషాద భాగం వెయ్యగానే, బీబీసీ మానిటరింగ్‌లో ఉన్న గాంబ్రిక్ హిట్లర్ పోయాడని ఊహించాడు. తర్వాత పెద్ద కళాచరిత్రకారుడైన గాంబ్రిక్ ఆయనే. ఆ సంగీతం తెలిసినవాడు కాబట్టి సరిపోయింది. మా వైపు రేడియో మూగబోతే సగం సార్లు జనరేటర్‌లో డీజిల్ అయిపోవడమే కారణం. ఇంకో ఫ్రీక్వెన్సీ చూడు, పొరుగు దేశం రేడియో ఏమంటుందో చూడు, ఆ తర్వాత కుట్ర అనుకో.

7. నీకు వినపడేదే ఆ దేశం వింటున్నదనుకోకు. రువాండా ప్రభుత్వ రేడియో షార్ట్‌వేవ్‌లో నైరోబీకి వచ్చేది. 1993 జూలైలో అక్కడ మొదలైన ప్రైవేటు రేడియో ఆర్‌టీఎల్‌ఎం మాత్రం ఎఫ్ఎం. కొండ దాటితే వినపడదు, ఇక వందల కిలోమీటర్ల అవతలున్న మాకెలా చేరుతుంది? రాజధాని కిగాలీలో కుర్రాళ్లు చెవికి ఆనించుకుని విన్నది దాన్నే. మనుషుల్ని బొద్దింకలంటూ 1994లో నరమేధానికి ఉసిగొల్పింది అదే. రిసీవర్లు ఎన్ని కొన్నా ఆ దూరం తగ్గదు. ఆ ఊళ్లో టేపు రికార్డర్ పట్టుకున్న మనిషి ఒకడు ఉండాలి. బడ్జెట్‌లో అలాంటి మనిషికి పద్దు ఉండదు. కొట్లాడి పెట్టించు.

టేపుల సంగతీ ఇక్కడే చెప్పాలి. టేపు ఖరీదు, కాబట్టి చెరిపి మళ్లీ వాడమనేవారు. రువాండా నరమేధంపై టాంజానియాలోని అరూషాలో ఏర్పాటైన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003లో ఆర్‌టీఎల్‌ఎం స్థాపకులిద్దరికి శిక్ష వేసింది. ఆ విచారణలో ఆ ప్రసారాల టేపులే సాక్ష్యంగా నిలిచాయి. ఏ టేపు రేపు సాక్ష్యమవుతుందో స్టోర్స్ గుమాస్తాకు తెలియదు, నీకూ తెలియదు. అనుమానం ఉన్నది చెరపనివ్వకు.

8. మిగతావి చిన్నవి. డీజిల్ ఎప్పుడూ రెండు పీపాలు ఎక్కువుంచు. లైసెన్సు గడువు నీ డైరీలో రాసుకో, ఇంకెవరికీ వదలకు. రాత్రి డ్యూటీ చేసినవాణ్ణి ఇంటిదాకా కారులో దింపించు. అనువాదం కింద మానిటర్ పొడి అక్షరాలు పోకుండా చూడు. హెడ్డాఫీసులో వాటిని కొట్టేసే ఎడిటర్ ఎవరో ఒకరు ఉండనే ఉంటారు.