‘డూ ది నీడ్‌ఫుల్’ తప్పా?

ప్రశ్న: అర్జీల చివర ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అని రాస్తుంటాను. అది తప్పు ఇంగ్లిషని మా అబ్బాయి నవ్వుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తప్పు కాదండీ, పాతది. ఒకప్పుడు ఇంగ్లండులోనూ రాసేవాళ్లే. అక్కడ వాడుక తగ్గింది, మన కచేరీల్లో నిలిచిపోయింది. జమ్మలమడుగు ఆర్డీవో కార్యాలయంలో దాన్నెవరూ తప్పుపట్టరు. మీవాడు అమెరికా కంపెనీకి రాస్తే మాత్రం అవతలివాళ్లు తికమకపడొచ్చు. అన్నట్టు, ‘ది’ వదలొద్దు. ‘డూ నీడ్‌ఫుల్’ అంటే తప్పే.

అసలు చిక్కు వ్యాకరణంలో లేదు. మన ‘తగు చర్య తీసుకోగలరు’ లాగే, మీకేం కావాలో అది చెప్పదు. పులివెందులలో పొలం కొలిపించాలనుకోండి, సర్వే నంబరు వేసి ‘ప్లీజ్ సర్వే మై ల్యాండ్’ అని రాయండి. ఆ తర్వాత ‘నీడ్‌ఫుల్’ తగిలించినా నష్టం లేదు.