కట్టకు గండి పడితే వచ్చేది ఎవరు?

పోయిన వీడియోలో సత్సంగం గురించి మాట్లాడుకున్నాం కదా. ఈ పాఠం దానికి కొనసాగింపే. కాకపోతే మొదలుపెట్టడానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది, ఎందుకంటే ఇందులో తప్పు నాది.

నేను ఉండేది దుండిగల్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో. రెండేళ్ల కింద ఆషాఢంలో ఒక ఆదివారం ఇంట్లో వీడియో రికార్డ్ చేస్తున్నాను. కాంపౌండ్ గోడ అవతల బస్తీ నుంచి బోనాలు బయల్దేరాయి. డప్పులు మోగుతున్నాయి, నా మైకులో ఇంకేమీ వినపడట్లేదు. చిరాకేసి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో "ఈ గోల ఎవరైనా ఆపించండి" అని పెట్టాను. చాలామంది బొటనవేలు ఎత్తారు. నాకు తృప్తిగా అనిపించింది. నేను ఆ రోజు చెప్తున్న టాపిక్ ఏంటో తెలుసా? భక్తుల మధ్య ఉండటం వల్ల కలిగే మేలు!

ఆ కార్తీకంలో ఒకరోజు నేను ఆఫీసుకెళ్లాక అమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఫోన్ హాల్లో ఉండిపోయింది. రెండు గంటలు పిలిచిందట. మా ఫ్లోర్‌లో ఐదు ఫ్లాట్లున్నాయి, ఎవరికీ వినపడలేదు. వాళ్లను నేను తప్పు పట్టను. తలుపులేసుకుని ఏసీ పెట్టుకుంటే నాకూ వినపడదు.

వచ్చింది ఎవరంటే, గేటు బయట పూలమ్మే ఆవిడ. కార్తీకమంతా అమ్మ పొద్దున్నే దిగి పూలు కొనేది. ఆ రోజు తొమ్మిదైనా రాలేదు. ఆవిడ బుట్ట పక్కన పెట్టి, వాచ్‌మన్‌ను తీసుకుని పైకొచ్చి తలుపు కొట్టింది. లోపల మూలుగు విని తాళం పగలగొట్టించింది. 108లో అమ్మతో పాటు ఎక్కి, నేను వచ్చేదాకా ఆస్పత్రిలో కూర్చుంది. "పొద్దుగాల పూలకు రాలే. ఏమైందో అని పాణం గుంజింది, వచ్చిన" అంది, అంతే. ఆవిడ ఇల్లు ఆ గోడ అవతలే. నేను గోల అన్నది వాళ్ల గల్లీ బోనాన్నే.

సమాజం అన్న మాటలో ఏముంది?

సంస్కృతంలో "సమ్" అంటే కలిసి. "అజ్" అనే ధాతువుకు కదలడం, నడిపించడం అని అర్థం. ఆ రెండూ కలిస్తే సమాజం. పక్కపక్కన ఉండటం ఒక్కటే చాలదు, కలిసి కదలాలి. ఋగ్వేదం చివరి సూక్తం కూడా ఇదే కోరుతుంది: నడక, మాట, మనసు కలవాలని. అంత పెద్ద గ్రంథం చివరికొచ్చి ఆగింది ఈ కోరిక దగ్గర.

మన ఊళ్లు ఈ మాటను ఎలా ఆచరించాయో చూడండి. ఊరి నడుమ బొడ్రాయి ఉంటుంది. అంటే ఊరికి బొడ్డు. బొడ్రాయి పండుగ చేస్తే ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లు, అత్తవారిళ్లకు పోయిన ఆడబిడ్డలు అందరూ ఊరికి చేరతారు. ఇక చెరువు కట్ట మీద మైసమ్మ ఉంటుంది. కట్టను కాపాడే తల్లి కాబట్టి కట్ట మైసమ్మ.

మన దుండిగల్‌కు మైసమ్మతో ఇంకా దగ్గరి బంధం ఉంది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడినప్పుడు ఈ మండలానికి పెట్టిన పేరు దుండిగల్ గండిమైసమ్మ. బస్సు దిగేటప్పుడు "గండిమైసమ్మ చౌరస్తా" అని రోజూ అంటాం కానీ ఆ మాట గురించి ఆలోచించం. కట్ట తెగిన చోటును గండి అంటారు. వానాకాలం రాత్రి కట్టకు గండి పడితే ఒక్క ఇంటివాళ్లు దాన్ని పూడ్చలేరు. మట్టి మోసేవాళ్లు, రాళ్లు తెచ్చేవాళ్లు, తూము సంగతి తెలిసిన నీరటి, అందరూ పరిగెత్తాలి. కట్ట పోతే అందరి పొలమూ పోతుంది. అందుకే ఆ పేరు వింటే ఇప్పుడు నాకు ఒక ప్రశ్న వినిపిస్తుంది: నీ ఇంట్లో గండి పడితే ఎవరొస్తారు? వాళ్లింట్లో పడితే నువ్వు పోతావా?

బోనమూ ఇలాంటిదే. భోజనమే బోనం అయ్యింది. కొత్త కుండలో అన్నం వండి, పసుపు కుంకుమలు పెట్టి, వేపాకులు కట్టి, పైన దీపం వెలిగించి అమ్మకు తీసుకెళ్తారు. 1813లో జంట నగరాల్లో మహమ్మారి ప్రబలినప్పుడు మొక్కుకున్న మొక్కుతో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలు మొదలయ్యాయని చెబుతారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగ చేసింది. రోగం ఒక ఇంటితో ఆగదు, కాబట్టి మొక్కూ ఒక ఇంటితో ఆగలేదు.

పొరుగు మనిషిని మారుస్తుందా?

భాగవతం మొదటి స్కంధంలో నారదుడు వ్యాసుడికి తన పూర్వజన్మ చెప్తాడు. అప్పుడాయన ఒక దాసి కొడుకు, ఐదేళ్లవాడు. వానాకాలంలో కొందరు యోగులు వాళ్లుండే చోటికొచ్చి నెలల తరబడి ఆగారు. పిల్లాడు వాళ్లకు చిన్న చిన్న పనులు చేస్తూ, రోజూ కృష్ణ కథలు విన్నాడు. ఆ కొద్ది నెలల పొరుగు ఒక పిల్లాడిని నారదుడిని చేసింది. మనం రెంటుకు దిగే ఇల్లు కూడా కొన్నాళ్లదే. ఆ కొన్నాళ్లు ఎవరి మాటలు వింటున్నాం, ఎవరి పనిలో చేయి వేస్తున్నాం అన్నది మనల్ని తయారు చేస్తుంది.

"మేం ఇక్కడ పుట్టినవాళ్లం కాదు కదా, ఇది మా ఊరెట్లా అవుతుంది?" అని మీరు అడగొచ్చు. దుండిగల్‌లోనే జవాబుంది. ఇక్కడి ఎయిర్‌ఫోర్స్ అకాడమీ 1971 నుంచి పనిచేస్తోంది. దేశంలోని ఏ మూల నుంచో వచ్చిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఇక్కడ ఒకే టైముకు లేచి, ఒకే మెస్‌లో తిని, ఒకే గ్రౌండ్‌లో చెమటోడ్చి ఒకరికొకరు ప్రాణమిచ్చేవాళ్లవుతారు. వాళ్లను కలిపింది పుట్టిన ఊరు కాదు, రోజూ కలిసి చేసే పని.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పాత ఊళ్లన్నీ స్వర్గాలేం కావు. ఊరు వేరు, వాడ వేరు అని గీత గీసి, బావి దగ్గర, గుడి దగ్గర సాటి మనుషుల్ని దూరం పెట్టిన చరిత్ర మనది. నేను గ్రూప్‌లో ఆ మెసేజ్ పెట్టినప్పుడు మా కాంపౌండ్ గోడ ఆ పాత గీతే అయ్యింది. పల్లెలు పురపాలికలయ్యాయి, పొలాల్లో విల్లాలు లేచాయి. గీత మాత్రం మనతో పాటే వచ్చేస్తే మనం సాధించిందేమిటి?

ఈ వారం సాధన

గృహస్థుకు మన శాస్త్రాలు రోజూ చేయమన్న ఐదు యజ్ఞాల్లో మనుష్య యజ్ఞం ఒకటి, అంటే సాటి మనిషికి అన్నం పెట్టడం, ఆదరించడం. గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన లోకసంగ్రహం కూడా లోకాన్ని కలిపి నిలబెట్టే పని గురించే. దాన్ని ఇలా మొదలుపెడదాం:

1. మీరు రోజూ చూసే ముగ్గురి పేర్లు తెలుసుకోండి. వాచ్‌మన్, చెత్త బండి అన్న, ఇస్త్రీ అక్క, ఎవరైనా సరే.
2. ఒక స్పేర్ తాళం చెవి పక్కింట్లో ఇవ్వండి. వాళ్లది మీరు తీసుకోండి.
3. మీ వీధిలో జరిగే పండుగకు ఈసారి చందాతో సరిపెట్టకుండా ఒక పని అడిగి తీసుకోండి.

పోయిన ఆషాఢంలో నేను రికార్డింగ్ పెట్టుకోలేదు. అమ్మ చేతికర్రతో గేటు దాకా వచ్చింది. బోనం ఎత్తుకుని వస్తున్న పూలక్క కాళ్ల మీద నీళ్లు పోసింది. బకెట్ నేను పట్టుకున్నాను. అంతకు ముందురోజే గ్రూప్‌లో ఆ పాత మెసేజ్‌కు క్షమాపణ పెట్టాను. ఈసారి బొటనవేళ్లు తక్కువే వచ్చాయి. అయినా మా ఫ్లోర్ నుంచి ఇద్దరు కిందికి దిగారు.

వచ్చే వీడియోలో కలుద్దాం. శుభం.